తెల్లగాజుల మంట

గరిడేపల్లి దగ్గరి తండాలో ఉండే రూప్లాకు భార్య సుక్కి ఫొటో ఒక్కటీ లేదు. ఆమె జ్వరంతో పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె గుర్తుగా మిగిలిందల్లా ఒక సినిమాలో నాలుగు క్షణాలు. అందులోనూ మొహం కనబడదు.

ఎనభై ఆరులో వరికోతలయ్యాక ఒక సినిమా కంపెనీ వచ్చి, సాగర్ కాలువ పక్కన గుడిసె వేసి తగలబెట్టింది. మద్రాసు నుంచి దిగిన మంటల మాస్టరుకు పెట్రోలు సంగతి తెలుసుగానీ ఇక్కడి గాలి సంగతి తెలియదు. కోసిన మడిలో మిగిలే వరి కొయ్యకాళ్ళు కాల్చడంలో చేయి తిరిగిన రూప్లాను పిలిపించారు. రూప్లా లోపల తడిగడ్డి, పైన ఎండుగడ్డి పరిచి, గాలి తిరిగేదాకా ఆగి అంటించాలన్నాడు. అప్పుడైతే మంట తాడిచెట్టంత లేచినా మనిషి దాటేంత సందు మిగులుతుంది. ఆ సందులోంచి హీరోయిన్ పరుగెత్తుకు రావాలి. ఆమె ఎందుకు వస్తుంది? ఆమె చీర సుక్కికి కట్టారు.

మాస్టరు సుక్కి చేతులు చూసి తల పట్టుకున్నాడు. మణికట్టు నుంచి భుజం దాకా తెల్లగాజులు. తీసెయ్యమన్నాడు.

"మొగుడు బతికుండంగ తియ్య," అంది సుక్కి. "గావాల్నంటే మీ హీరోయిన్‌నే ఉరకమను."

పొద్దు వాలుతోంది, ఉన్నది ఒక్కటే గుడిసె. మాస్టరు గాజులతోనే కానిమ్మన్నాడు. రూప్లా తన చేత్తోనే నిప్పు పెట్టాడు. సుక్కి ఎడమచేయి మొహానికి అడ్డం పెట్టుకుని, నడుం వంచి, మంటలోంచి బయటపడింది. "నీ మంట మంచిదే, రెప్పలు మిగిలినయ్," అని మొగుణ్ణి చూసి నవ్వింది.

మిర్యాలగూడ టాకీసులో ఇద్దరూ కలిసి చూశారు. "హీరోయిన్‌కు లంబాడోళ్ళ గాజులు యాడియిరా?" అని ముందు బెంచీవాళ్ళు నవ్వుతుంటే సుక్కి మోచేత్తో మొగుణ్ణి పొడిచింది. ఆమె పోయాక ఆ సినిమా సూర్యాపేటలో ఆడితే సూర్యాపేటకు, కోదాడలో ఆడితే కోదాడకు రూప్లా ఒక్కడే పోయేవాడు. కొన్నాళ్ళకు రీలు అరిగిపోయి అదీ రావడం మానేసింది.

తొంభై ఎనిమిదిలో మరో కంపెనీ అదే కాలువ గట్టున గుడిసె వేసింది. రూప్లా గడ్డిమోపు ఎత్తుకుని పోయాడు, పని కోసం కాదు. ఆ మంట మళ్ళీ లేచి, అందులోంచి ఒక ఆడమనిషి పరుగెత్తుకొస్తే, రెప్పపాటు సుక్కి కనబడుతుందేమోనని. పిచ్చి ఆశే. ఎవరికీ చెప్పుకోలేదు.

అసిస్టెంటు డైరెక్టరు ప్రభాకర్‌ది కోదాడ. మోపు చూసి జాలిపడ్డాడు. "మేం నిప్పు పెట్టట్లేదు పెద్దాయనా. మంట తర్వాత కంప్యూటర్లో వేస్తారు."

"గాలి ఏ దిక్కుకెళ్ళి కొడ్తదో దానికెట్ల తెలుస్తది సారూ?"

ప్రభాకర్ నవ్వేశాడు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలన్నారు. పాపం, పెద్దలు కంప్యూటర్‌ను చూడలేదు.

హీరోయిన్ ఉత్త గుడిసెలోంచి మూడుసార్లు పరుగెత్తింది. మూడుసార్లూ వానకు తడవకుండా ఇంట్లోకి ఉరికినట్టే ఉంది. డైరెక్టరు విసుక్కున్నాడు. రూప్లా ఇక ఆగలేక మోపు దించి ముందుకొచ్చాడు.

"అట్ల గాదు బిడ్డా. మంట గీడ ఉన్నదనుకో. ఎడమచెయ్యి గిట్ల మొఖానికి అడ్డం పెట్టు. జర వంగు. బయట పడేదాక ఊపిరి తీయకు." తనే ఒకసారి నడుం వంచి పరుగెత్తి చూపించాడు. ఎవరూ నవ్వలేదు.

నాలుగోసారి ఆ పిల్ల అచ్చం అలాగే వచ్చింది. అదే వంపు, అదే చేయి. రూప్లా ఒంటికి సెగ తగిలింది. సుక్కి వస్తోంది. తొమ్మిదేళ్ళకు వస్తోంది. దగ్గరికొచ్చాక చేయి దిగింది.

"సరిగ్గా చేశానా పెద్దాయనా?" అందా పిల్ల ఆయాసపడుతూ.

రూప్లా ఆ చేతుల వంక చూశాడు. "అంతా మంచిగనే చేసినవ్ బిడ్డా. చేతులే బోసిగ ఉన్నయ్. భుజం దాక తెల్లగాజులుండాలె."

"అదెంత పని?" అన్నాడు ప్రభాకర్. "అవి కూడా కంప్యూటర్లో వేసేస్తారు."

రూప్లా గడ్డిమోపు నెత్తికెత్తుకోబోయి ఆగాడు.

"ఏస్తే, ఒక్కపారి నాకు గూడ సూపియ్యమను సారూ," అన్నాడు.