ఇరవై నాలుగు గంటల డబ్బా

తోడికోడళ్ళిద్దరూ కలిసి చిన్న కుట్టు దుకాణం నడుపుతున్నారు. పెద్దామె కొలతలు తీసి కత్తిరిస్తుంది, చిన్నామె మిషన్ మీద కుడుతుంది. ఏడాదిలో పెద్దామె ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట పెరిగింది, కాళ్ళూ చేతులూ మాత్రం పుల్లల్లా అయ్యాయి. బల్ల అంచు తగిలినా చర్మం కమిలిపోయేది.

"కాస్త నోరు కట్టుకో అక్కా," అనేది చిన్నామె. పెద్దామె నిజంగానే కట్టుకుంది. బరువు దిగలేదు.

చివరికి డాక్టరమ్మ ఆమె పొట్ట మీది ఊదారంగు చారలు చూసింది. "ఒంట్లో ఒత్తిడి హార్మోను ఎక్కువైనట్టుంది. గ్రంథిలో గడ్డ ఉన్నా ఇలా అవుతుంది. మూత్రం పరీక్ష చేద్దాం," అని పెద్ద డబ్బా ఒకటి ఇప్పించింది. పొద్దున మొదటిసారి వెళ్ళింది వదిలేసి, అప్పటినుంచి మర్నాడు పొద్దుటి దాకా ప్రతిసారీ అందులోనే పట్టాలి. డబ్బాను చల్లగా ఉంచాలి.

'గడ్డ' అన్న మాట తర్వాత పెద్దామెకు ఇంకేమీ చెవికెక్కలేదు. వివరాలన్నీ చిన్నామె రాసుకుంది. మర్నాడు దుకాణంలో ఐసు బకెట్లో డబ్బా దించి, పైన గుడ్డ కప్పింది.

"కూల్‌డ్రింకా?" అని అడిగాడు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినాయన.

"మీకు పనికొచ్చేది కాదులెండి," అంది చిన్నామె. ఆయన వెళ్ళాక ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. "ఎక్కడైనా ఒలికిందా?"

"చుక్క కూడా పోలేదండీ. నేనే కాపలా కాశాను," అంది చిన్నామె.

"ఇందులో ఆ హార్మోను దాదాపు లేదు. గడ్డే ఉంటే బాగా ఎక్కువ ఉండాలి. బయటినుంచి ఏదో లోపలికి వెళ్తోంది కాబట్టి మీ ఒళ్ళు తయారు చేయడం మానేసింది. ఏం మందులు వాడుతున్నారు?"

"మందులేం లేవండీ," అని ఆగింది పెద్దామె. "మోకాళ్ళ నొప్పులకి ఒక పొడి. రెండేళ్ళుగా. వట్టి వేర్లేనన్నాడు అమ్మేవాడు. గంటలో నొప్పి మాయమవుతుంది."

"అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారు, అదీ ఆ హార్మోను లాంటిదే. పొట్లం తెచ్చివ్వండి, పరీక్షిద్దాం. ఒక్కసారిగా మాత్రం మానకండి, ప్రమాదం. బదులుగా లెక్క ప్రకారం మాత్రలిస్తాను, మెల్లగా తగ్గిద్దాం."

"అయితే గడ్డ కాదా?"

"కాదమ్మా."

పెద్దామె మెట్ల దాకా వచ్చి అక్కడే కూలబడింది. ఇన్ని రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగినట్టయి ఏడ్చేసింది. చిన్నామె పక్కన కూర్చుంది.

"నీ ముద్దలు లెక్కపెట్టానక్కా. నా నోరు పడిపోను."

"ఊరుకో. నేనూ లెక్కపెట్టుకున్నాగా," అంది పెద్దామె ముక్కు తుడుచుకుంటూ. "ఆకలేస్తోంది. పద, ఏదైనా తిందాం."

పొడిలో స్టెరాయిడే ఉందని తేలింది. మాత్రలు పూర్తిగా మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. ముఖం మునుపటిలా అయింది. మోకాళ్ళు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. చిన్నామె ఎత్తు స్టూలొకటి కొనుక్కొచ్చింది. ఇప్పుడు పెద్దామె కూర్చునే కత్తిరిస్తోంది.