డెల్సీని దింపేవాళ్ళెవరు?

డెల్సీ గొంతెత్తితే కోళ్ళు గూట్లో దూరతాయని ఊరంతా అనుకునేదే. అందుకే చర్చి పాటల బృందాన్ని నడిపే యూలలీ ఏళ్ళ తరబడి ఆమెను ఆ గడప తొక్కనివ్వలేదు. అలాంటి డెల్సీ చర్చి కచేరీలో పాడతానని పేరిచ్చింది.

ఆ కొండ ఊళ్ళో కచేరీ పద్ధతే వేరు. పాడేవాళ్ళు నచ్చకపోతే డబ్బిచ్చి వేదిక మీంచి దింపెయ్యొచ్చు. ఇంకొకరు అంతకన్నా ఎక్కువిచ్చి మళ్ళీ ఎక్కించొచ్చు. దింపినా ఎక్కించినా డబ్బు చర్చిదే. ఈసారి ఆ డబ్బు గట్టిగానే కావాలి. తుఫాను చర్చి కప్పు సగం ఎత్తుకుపోయింది. వానొస్తే పాస్టరుగారు గొడుగు వేసుకుని ప్రసంగం చెబుతున్నారు. ఇవ్వడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. బాక్సైటు ఫ్యాక్టరీ మూతపడి డెల్సీ మొగుడు ఆష్టన్‌తో సహా అందరూ ఇళ్ళలోనే కూర్చున్నారు. కానుక పళ్ళెం దగ్గరికొచ్చేసరికి డెల్సీ కళ్ళు మూసుకుని ప్రార్థన నటించేది. ఏనాడూ వట్టి చేతులతో చర్చికి వెళ్ళని మనిషి, లోపల్లోపల సిగ్గుతో చచ్చిపోయేది.

"డబ్బు లేకపోతేనేం, ఈ గొంతుందిగా!" అంది మొగుడితో. "నన్ను దింపడానికి ఊరంతా జేబులు దులుపుతుంది, చూస్తూండు."

"నవ్వుతారే పిచ్చిదానా."

"నవ్వనీ. నవ్వుతూ ఇచ్చిన డబ్బు చేదా?"

శనివారం సాయంత్రం బడి హాలు నిండిపోయింది. డెల్సీ ఆదివారపు టోపీ పెట్టుకుని వేదికెక్కి మొదటి చరణం ఎంత ఘోరంగా పాడగలదో అంత ఘోరంగా పాడింది. ఒక్కరూ లేవలేదు. రెండో చరణం అందుకుంది. జనం తలలూపుతున్నారు. ముందు వరసలో రొట్టెల కొట్టు వారెన్ "భేష్" అని కూడా అన్నాడు. కష్టాల్లో ఉన్న ఇల్లాలు, పాపం, మనసు నొప్పించకూడదని అందరూ కూడబలుక్కున్నట్టుంది. ఆ జాలి చూసి డెల్సీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మంచితనంతో కప్పు మీదికి ఒక్క రేకైనా వస్తుందా?

మూడో చరణం ఇంకా పైకెత్తింది. బయట ఓ కుక్క మొరగడం మొదలెట్టింది. ఆష్టన్ మొహం టోపీలో దాచుకున్నాడు. అయినా ఒక్క నోటూ పైకి లేవలేదు. డెల్సీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇవాళ కూడా వట్టి చేతులేనా, అనుకుంది.

"ఆపండి బాబోయ్!"

వెనక వరసలోంచి యూలలీ. గుప్పెట్లో నలిగిన చిన్న చిన్న నోట్లు. "నా చెవులు నాక్కావాలి! ఇవిగో ఐదొందలు, దాన్ని దించండి!"

పాస్టరుగారి మొహం పాలిపోయింది. డెల్సీ మొహం మాత్రం వెలిగిపోయింది. నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది: "ఐదొందలేనా? ఈ గొంతుకి?"

అంతే, నవ్వులతో హాలు దద్దరిల్లింది.

"ఆరొందలు! ఎక్కించండి, మా అత్తగారు ఇంకాస్త వినాలి!" అన్నాడు వారెన్.

అత్తగారు చటుక్కున లేచింది. పక్కవాళ్ళ దగ్గర చిల్లర పోగేసి మరీ అరిచింది: "ఏడొందలు! దించండి!"

ఆ తర్వాత దింపడం, ఎక్కించడం, ముగ్గురూ నలుగురూ కలిసి చందాలు వేసుకోవడం. ఒకసారి దింపినప్పుడు డెల్సీ మెట్ల దగ్గర యూలలీని పట్టుకుంది.

"మూడు చరణాలదాకా ఏం చేస్తున్నావే? అక్కడ నా ప్రాణం పోయింది!"

"నా దగ్గర మాత్రం ఏం ఏడ్చిందే?" అంది యూలలీ ఎటో చూస్తూ. "మొదటి చరణానికే నీ ఎత్తు అర్థమైంది. అందరూ నీ మీద జాలిపడుతుంటే ఒళ్ళు మండింది. అప్పట్నుంచీ వెనక వరసలన్నీ తిరిగి పదీ ఇరవై అప్పు అడుక్కుంటున్నా."

డెల్సీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతలో "ఎక్కించండి!" అని కేకలు. "వెళ్ళు వెళ్ళు," అని యూలలీ ఆమె వీపు మీద తట్టింది. "బాగా మాత్రం పాడి చావకు."

వేదికెక్కిన డెల్సీ కళ్ళనీళ్ళతో పాట ఎత్తుకోకుండా నిలబడిపోయింది.

"ఇదేం మోసం తల్లీ? డబ్బిచ్చాం, పాడు!" అని అరిచింది వారెన్ అత్తగారు.

ఎవరి మొహంలోనూ జాలి లేదు. డెల్సీ కళ్ళు తుడుచుకుని గొంతెత్తింది.