మెట్ల మీద తరగతి

"ఊరికే చెప్పేదానికి ఇంత హడావుడి ఎందుకమ్మా? వాళ్ళేమన్నా జీతమిస్తున్నారా?" అన్నారు అత్తయ్య, నేను పొయ్యి గట్టు తుడుస్తుండగా. నా వీపుతో మాట్లాడటం ఆవిడకు అలవాటు. నేను గిన్నెలు తోమేటప్పుడో గట్టు కడిగేటప్పుడో వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడతారు. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషి ఎదురు చెప్పదని అనుభవం మీద కనిపెట్టినట్టున్నారు.

జీతం లేదు, నిజమే. నేనింకా విద్యార్థినిని. యూనివర్సిటీలో జపనీస్ ప్రధానంగా, ఇండోనేషియన్ రెండో భాషగా చదువుతున్నాను. ఆదివారం పొద్దున లైబ్రరీ మేడమీది గదిలో, ఒక్క ముక్క కూడా రానివాళ్ళకు ఆ రెండు భాషలూ మొదటి నుంచి నేర్పుతాను. ఎవరూ నన్ను పిలవలేదు, నేనే వెళ్ళి అడిగాను. ఇంట్లోవాళ్ళకు మింగుడుపడనిది అదే. ఇంతమంది బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఎవరి అలమరాలో వాళ్ళకు సర్దుతాను కదా, దానికి జీతం ఏదని ఈ ఇంట్లో ఎవరూ అడగరు. ఇంట్లో డబ్బు తీసుకోకుండా చేస్తే సంసారం, బయట చేస్తే వెర్రి.

నేను పల్లెటూరి పిల్లని. దూడకు కొత్తగా పలుపు వేసేటప్పుడు మా నాన్న మొదట వదులుగానే కట్టేవాడు. మెడకు అలవాటయ్యాక ఒక్కో ముడి బిగించేవాడు. పెళ్ళయిన కొత్తలో నా పలుపు భలే వదులు. "చదువుకో, ఎవరొద్దన్నారు?" అన్నారు మా ఆయన. తర్వాత "చదువుకో, కానీ పరీక్షల టైములో కూడా అమ్మకు ఇబ్బంది లేకుండా చూసుకో" అన్నారు. ఆ తర్వాత స్నేహితుల ముందు, "మా జపానమ్మ రెండు దేశాలవాళ్ళతో మాట్లాడుతుంది గానీ, మా అమ్మ పిలిస్తే మాత్రం వినపడదు" అని నవ్వించారు. అందరికీ కాఫీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వాను. నవ్వకపోతే ముక్కోపం అంటారు.

మా ఇంట్లో నా తరఫున మాట్లాడటం ఒక మర్యాద. ఫలానావాళ్ళింటికి నేను వస్తానో రానో ఆయనే చెబుతారు. డాక్టరు దగ్గర నాకు నొప్పి ఎక్కడో కూడా ఆయనే చెబుతారు. ఒకసారి కుడిపక్క నొప్పికి ఎడమపక్క అని చెప్పేశారు. నేను సరిదిద్దబోతే, "తనకు మొహమాటమండీ, నేను చెబుతాను కదా" అని డాక్టరుతో అన్నారు. ఆ రోజు కుర్చీలో కూర్చున్నది నేనా, మా ఇంటి సామానా అని చాలాసేపు ఆలోచించాను.

తరగతిలో మాత్రం నేను నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు పెన్ను పట్టుకుంటారు. ఆ సుఖం ఎలాంటిదో పుట్టినప్పటి నుంచీ మాట చెల్లినవాళ్ళకు తెలియదు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక నర్సు ఉంది. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం కోసం పరీక్ష రాయాలి. డబ్బు కట్టి నేర్చుకునే స్తోమత లేదు, పరీక్ష దగ్గరికొచ్చేసింది. ఒక టైలరమ్మ ఉంది. ఆవిడ కొడుకు ఓడలో పనిచేస్తూ ఇండోనేషియా పిల్లను చేసుకున్నాడు. కోడలు వచ్చే నెల మొదటిసారి ఇంటికొస్తోంది. మొదటి రోజే టైలరమ్మ మెడలో టేపు తీయకుండా వచ్చి కూర్చుని, "నమస్కారాలు తర్వాత నేర్చుకుంటాను గానీ, టీచరమ్మా, ముందు నాకో మాట కావాలి. 'నువ్వు కూర్చో తల్లీ, నేను చేస్తాను' అని వాళ్ళ భాషలో ఎలా అంటారు?" అని అడిగింది.

బోర్డు మీద రాశాను. 'దుదుక్ సాజా, నాక్. బియార్ ఇబు యాంగ్ కెర్జాకన్.' రాయడం అయిపోయినా ఇటు తిరగలేకపోయాను. నాకు వచ్చిన అన్ని భాషల్లోనూ వెతుక్కున్నాను. ఆ మాట నాతో ఎవరూ ఏ భాషలోనూ అనలేదు.

పోయిన ఆదివారం వెళ్ళేసరికి మేడమీద గదికి తాళం వేసి ఉంది. తలుపు మీద కాగితం అంటించారు. తరగతులు ఇకమీదట లేవట. నర్సు, టైలరమ్మ, మిగతావాళ్ళు మెట్ల మీద కూర్చుని, ఇంట్లో ఎవరో పోయినవాళ్ళలా నావంక చూశారు.

కిందికి వెళ్ళి లైబ్రేరియన్ గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అదేంటమ్మా, మీవారు ఫోన్ చేశారుగా! ఇంట్లో పని ఎక్కువైంది, మీకింక కుదరదన్నారు" అన్నారు.

"ఆ మాట నేను అన్నానా అండీ?"

"మీవారు అంటే మీరు అన్నట్టే కదమ్మా" అన్నారాయన మంచి మనసుతోనే. మొదటిరోజు నన్ను బండి మీద దింపినప్పుడు, "ఏమన్నా ఉంటే నాకు చెప్పండి" అని మా ఆయన తన నంబరు ఇచ్చి వెళ్ళడం అప్పుడు గుర్తొచ్చింది. ఎంత శ్రద్ధో అని ఆ రోజు మురిసిపోయాను కూడా. ప్రతి ఆదివారం మా ఆడపడుచు కుటుంబంతో భోజనానికి వస్తుంది. తరగతి మొదలయ్యాక భోజనాలు ఆలస్యమవుతున్నాయి. ఆ చిక్కుకు మందు మా ఆయన ఇలా కనిపెట్టారన్నమాట, నాతో ఒక్క మాట కూడా అనకుండా.

"తాళం తీయండి" అన్నాను.

"మీవారితో ఒకసారి మాట్లాడి..." అని ఆయన నసిగారు.

నేను మేడెక్కేశాను. మెట్ల మీదే మొదలుపెట్టాను. కింది మెట్లు జపాన్, పై మెట్లు ఇండోనేషియా, మధ్య మలుపులో నేను. బోర్డు లేదు కాబట్టి గోడ మీద వేలితో రాసి చూపించాను. నర్సుకు రోగి కావాలంటే టైలరమ్మ దిగొచ్చి మెట్టు మీద కాళ్ళు చాపుకుంది. "దోకో గా ఇతాయ్ దెస్ కా?" అని అడిగింది నర్సు, ఎక్కడ నొప్పి అని.

"ఎక్కడ కాదో అడగవే, త్వరగా తేలుతుంది!" అంది టైలరమ్మ. అందరూ గొల్లుమన్నారు. పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా గోడకు ఆనుకుని నిలబడి వినడం మొదలుపెట్టారు.

నవ్వులు ఆగకముందే మా ఆయన మెట్లెక్కుతూ వచ్చారు. వెనకాలే, ఫోన్ చేసి ఆయన్ని పిలిపించి ఇప్పుడు నొచ్చుకుంటున్న మొహంతో లైబ్రేరియన్ గారు, చేతిలో తాళంచెవి.

"ఏంటిది, దారిలో కూర్చుని? పద, చెల్లివాళ్ళు వచ్చేశారు. అమ్మ ఒక్కతే వంటింట్లో అవస్థ పడుతోంది" అన్నారు మా ఆయన గొంతు తగ్గించి.

"ఒక్కరే ఎందుకండీ? మీ చెల్లెలు ఉంది. మీ బావగారున్నారు. మీరూ ఇప్పటిదాకా ఇంట్లోనే ఉన్నారు కదా."

"జోకులొద్దు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఫోన్ చేసేముందు మాట్లాడాల్సింది."

ఆయన మొహం ఎర్రబడింది. చుట్టూ చూశారు. ఎవరూ తలదించుకోలేదు. మెట్టు దిగి ఆయన వెనకే వెళ్ళిపోతే ఈ పూట గొడవ ఉండదు. ఈ నర్సుకు పరీక్ష ఉండదు. నాకు మళ్ళీ ఆదివారమే ఉండదు.

లైబ్రేరియన్ గారు తాళంచెవి పట్టుకుని, నన్ను దాటి, మా ఆయన్ను అడిగారు. "ఏం సార్, తలుపు తీయమంటారా?"

టైలరమ్మ చటుక్కున లేచింది. "అయ్యో రామా! పాఠం చెప్పేది ఆవిడైతే ఆయన్ని అడుగుతారేంటి బాబూ?"

నేను చెయ్యి చాచాను. లైబ్రేరియన్ గారు ఓ క్షణం తటపటాయించి తాళంచెవి నా అరచేతిలో పెట్టారు. తలుపు మీది కాగితం చింపేశాను, తాళం తీశాను. "ఇకమీదట నా గురించి ఏదైనా ఉంటే నాకే ఫోన్ చేయండి" అని ఆయనకు నా నంబరు చెప్పాను. అందరూ లోపలికి వెళ్ళి కుర్చీలు లాక్కున్నారు.

మా ఆయన ఇంకా మెట్ల మలుపులోనే ఉన్నారు. గొంతులో కోపం పోయి, దారి తప్పినవాడి బెంగ వినిపించింది. "మరి ఇంటికెళ్ళి ఏం చెప్పమంటావ్? కుదరలేదంది అని చెప్పనా?"

"కుదరలేదని కాదు" అన్నాను. "రానంది అని చెప్పండి."