పది అడుగుల పొదలు

పురుగుమందుల కొట్టాయన చేనుకూ, పక్కనే ఉన్న ఆయన బావమరిది చేనుకూ మధ్య పది అడుగుల వెడల్పున పొదలున్నాయి. ఆ నేల నాదంటే నాదని పంతానికి పోయి ఇద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు.

ఒకరోజు పరిశోధకులు ముగ్గురు దిగారు. ఒకాయన మట్టి తవ్వాడు, ఒకాయన దిగుబడులు అడిగాడు, ఒకమ్మాయి పురుగుల్ని లెక్కపెట్టింది.

"ఇన్ని తేనెటీగలు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేవు. ఐదేళ్లు ఈ పొదల్ని నరక్కూడదు, దున్నకూడదు. నేల ఎవరిదో వాళ్లు సంతకం పెట్టండి" అందామె.

కొట్టాయన మనసులోనే తూకం వేసుకున్నాడు. దున్నలేని నేల ఎవరిదైతేనేం? తేనెటీగ హద్దురాయి చూసి ఆగదు కదా!

"నీదేలేరా" అన్నాడు వెన్న రాసినట్టు.

"పెద్దవాడివి, నువ్వే ఉంచుకో బావా."

"మీ అక్క మీద ఒట్టు, నీదే!"

"మా అక్క మీదెందుకు? నీ మీద వేసుకో!"

చివరికి బావమరిది సొంతదారుగా సంతకం పెట్టాడు. వాడు మనసు మార్చుకుంటాడేమోనని కొట్టాయన 'పక్క రైతు' అన్నచోట గబగబా గీకేశాడు. మందు డబ్బా మీది చీమ తలకాయంత అక్షరాలనూ కొనేవాళ్లకు చదివి వినిపించే మనిషి, ఈ కాగితం మాత్రం చదవలేదు.

"ఇక ఐదేళ్లు రెండు చేలలోనూ పురుగుమందు కొట్టకూడదు" అంది అమ్మాయి.

కొట్టాయన కాగితం లాక్కుని అప్పుడు చదివాడు. సొంత చేనుకే కొట్టని మందు ఊళ్లోవాళ్లు తన దగ్గరెందుకు కొంటారు?

"నీకూ నష్టమేగా, నవ్వుతావేంరా?"

"నీ కొట్టు గడప తొక్కకూడదని పన్నెండేళ్ల కిందటే మందు మానేశా బావా. పంటకేం కాలేదు. ఆ తేనెటీగలు ఊరికే వచ్చాయనుకున్నావా?"

వారం తిరక్కుండానే, మందు కొనడానికి వచ్చిన రైతు ఒకడు అడగనే అడిగాడు: "మీ చేనుకు అక్కర్లేనిది నాకెందుకండీ?"

ఆ సాయంత్రమే మందు డబ్బాలు వెనక అరలోకి వెళ్లాయి. మర్నాటికల్లా ముందు వరసలో చిన్న పొట్లాలు వెలిశాయి. పైన అట్టముక్క మీద 'గట్టు మీద చల్లండి, తేనెటీగల్ని పిలవండి' అని రాసి ఉంది.

పన్నెండేళ్ల తర్వాత బావమరిది ఆ గడప తొక్కాడు. పొట్లం విప్పి గింజలు అరచేతిలో పోసుకున్నాడు.

"ఇవి నా పొదలవి బావా!"

"నీ పొదల జోలికి నేనెందుకు పోతానురా? గాలికి ఎగిరొచ్చి నా చేలో పడితే ఏరుకున్నా. తేనెటీగకు లేని హద్దు గింజకెందుకు?"

బావమరిది కాసేపు గుడ్లురిమి చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సరే, టీ చెప్పు. రేపట్నుంచి ఇద్దరం కలిసి ఏరుదాం."