నలభై పెట్టెలు పట్టిన బండి

కార్ల పత్రికాఫీసులో అందరూ అతన్ని కొలతలాయన అంటారు. డిక్కీలో ఇన్ని లీటర్ల చోటుందని కంపెనీలు గొప్పగా అచ్చేస్తాయి కదా, ఆ లెక్క చూస్తే అతనికి ఒళ్లు మంట. "లీటర్లేంటి, పాలు పోసుకుంటామా?" అనేవాడు. అతని పద్ధతి వేరు. ఒకే కొలత అట్టపెట్టెలు నలభై ఉంటాయి. వెనక సీట్లు మడిచి వాటిని పేర్చాలి, డిక్కీ తలుపు పడాలి. పడితేనే లెక్క. పెట్టెలయిపోయాక ఇంకా చోటుంటే తలుపు పక్కన తానే ముడుచుకుని కూర్చునేవాడు. తాను సరిగ్గా నాలుగు పెట్టెలకి సమానమని ఎప్పుడో తేల్చుకున్నాడు మహానుభావుడు.

ఆ రోజు మూడు ఖరీదైన ఎస్‌యూవీలను పోల్చాలి. ఫొటోలు తీసేదీ, లెక్క రాసేదీ అతని బామ్మర్ది. నాలుగింటికల్లా ఇద్దరూ ఆసుపత్రిలో ఉండాలి. కొలతలాయన భార్యకి ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తారు. మూడు స్కానింగులకి రమ్మంటే మూడుసార్లూ ఏదో ఒక బండి పేరు చెప్పి ఎగ్గొట్టాడు. పొద్దున ఆవిడ గొడవ పడలేదు. "ఈసారి మీరు లేకపోతే నాకు భయమండీ" అంది, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

మొదటి బండిలో ముప్పై ఒక్క పెట్టెలు పట్టాయి, రెండోదానిలో ముప్పై నాలుగు. మూడోది చూడటానికి రెండోదానికంటే పొట్టి. అలాంటిది, నలభై పెట్టెలూ గుటుక్కున మింగేసింది.

"బావా, ఇంకా ఖాళీ ఉంది. ఆ చివర, పెట్టెల అవతల," అన్నాడు బామ్మర్ది, తల గోక్కుంటూ.

టైము మూడు దాటింది. అన్నీ దించి మళ్లీ పేరిస్తే అరగంట. ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చునే మనిషి, ఆ తొందరలో పెట్టెల మీదుగా పాకి అవతలికి దిగాడు.

తలుపు పడింది. ముందు సీటు వీపుకి తగలాలి కదా, తగల్లేదు. చెయ్యి చాపాడు. చాపినంత మేరా కార్పెట్టే.

"లెక్క సరిపోయింది, తలుపు తియ్యి" అని కేకేశాడు.

తలుపు లేచింది. బామ్మర్ది పెట్టెలు దించుతూ పైకే లెక్కపెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. పెట్టె తీసినకొద్దీ వెలుతురు దగ్గరకి రావాలి. కానీ వెలుతురు దూరం జరుగుతోంది. అతను మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టాడు. మోకాళ్లు చెక్కుకుపోయాయిగానీ దూరం తరగలేదు. గొంతు చించుకుని అరిచాడు. లెక్క మాత్రం ఆగకుండా సాగింది.

"నలభై. ఇంక దిగు బావా."

ఎవరో కిందికి దిగారు. బట్టలు దులుపుకున్న చప్పుడు కూడా వినిపించింది.

"నలభై నాలుగని రాసుకో. రాసి తలుపు వేసెయ్," అంది అచ్చం అతని గొంతు.

"లోపలేమైనా ఉండిపోయిందేమో చూడనా?"

"ఏం లేదు. పద, మీ అక్క ఎదురుచూస్తుంటుంది."

తలుపు దానంతటదే మెల్లగా దిగుతోంది. బయట ఫోను మోగింది. స్పీకర్లో భార్య గొంతు, అలసటగా, భయంభయంగా వినిపించింది. బయల్దేరారా అని అడుగుతోంది.

"బయల్దేరానే. పావుగంటలో నీ పక్కనుంటా."

"వాడు నేను కాదే" అని ఏడుస్తూ అతను నేలను బాదాడు.

అవతల ఆవిడ హాయిగా ఊపిరి తీసుకుంది. "అయితే ఇంక నాకు భయం లేదండీ," అంది. తలుపు పడింది.