చెంగల్రాయలికి అడ్డం వచ్చిన కొండ

గుడియాత్తం బస్టాండులో పొద్దున ఆరుంబావు బస్సు ఎక్కే చెంగల్రాయలిని చూస్తే ఎవరైనా బ్యాంకు మేనేజరనే అనుకుంటారు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, జరీ అంచు పంచె, చంకలో జిప్పున్న తోలు సంచి. పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి దాటి, ఏలగిరి కొండ కింద హైవే పక్కనున్న అవుట్‌లెట్ మాల్ ముందు దిగేదాకా ఆ చొక్కా మడత నలగదు. దిగీ దిగగానే మాల్ వెనక బాత్రూములో దూరి తలుపేసుకుంటాడు. బయటికి వచ్చేటప్పటికి ఒంటి మీద నీలం యూనిఫారం, నెత్తిన టోపీ, మెడలో విజిల్. తెల్ల చొక్కా బుద్ధిగా సంచిలో పడుకుని సాయంత్రం దాకా ఎదురుచూస్తుంది.

ఆ మాల్‌లో పేరున్న కంపెనీల బూట్లు, చొక్కాలు సగం ధరకు అమ్ముతారు. కుట్టు వెంట్రుకవాసి పక్కకు పోయినవి, రంగు ఒక పిసరు తగ్గినవి, పైదేశాలవాళ్ళు వద్దని తిప్పి పంపినవి. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి కార్లేసుకుని వచ్చే జనం సరుకు కోసం ఎంత వస్తారో కొండ కోసమూ అంతే వస్తారు. ఎర్ర పెంకుల అంగళ్ళు రెండు వరసలు, నడుమ రాతి బాట, చివర గాజు గోడల హోటలు, ఆ గాజులోంచి ఏలగిరి. ఫోటో దిగనివాడు పాపాత్ముడు. చెంగల్రాయలి పని గేటు దగ్గర కార్లను వరసలో పెట్టించడం. "రా, రా, రా... లెఫ్ట్ కొట్టు... ఇంకొంచెం... చాలు!" పక్క కారుకు గీత పడకుండా ఎంత పెద్ద వ్యానునైనా ఎంత ఇరుకులోనైనా పెట్టించేవాడు. ఆ పనిలో అతనికి సాటి లేరు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునే రాత మాత్రం అతనికి లేదు.

ఏలగిరికి ఒక గుణం ఉంది. తల దించుకున్న మనిషిని చూస్తే ఓర్చుకోలేదు. లేచి వచ్చి అడ్డంగా నిలబడుతుంది, ఆ మనిషి నలుగురి కంటా పడకుండా. ఆ చుట్టుపక్కల ఇది అందరికీ తెలిసిందే. పరీక్ష తప్పిన పిల్లలు, పెళ్ళిలో మాటపడ్డ వియ్యంకులు దాని చాటున కాసేపు కూర్చుని ముఖం తుడుచుకుని పోతారు. కొండ కదిలినప్పుడు పైనున్న పద్నాలుగు పల్లెల్లో పొయ్యి మీది ఎసరు కూడా తొణకదు. కిందివాళ్ళు మాత్రం ఆరేసిన బట్టలు తీసి ఎండ ఉన్న చోట వేసుకుంటారు.

మామూలుగా అయితే ఒక పూట నిలబడి వెనక్కి పోయేది. చెంగల్రాయలు పనిలో చేరాక పోవడం తగ్గించింది. రోజుకో అడుగు చొప్పున జరిగి జరిగి, పదకొండు నెలలకు కార్లు ఆపే మైదానం అంచుకు వచ్చేసింది. మాల్ మేనేజర్ రంగనాథన్ పనివాళ్ళందర్నీ పిలిచి నిలబెట్టాడు.

"ఎన్నప్పా ఇదు, ఏందిది! కొండ కనబడుతుందని బోర్డు పెట్టుకున్నాం. ఆ కొండే వచ్చి బోర్డుకు అడ్డం నిలబడితే ఎట్లా? మీలో ఎవరికప్పా ఇంత సిగ్గు? చెప్పండి, మాట్లాడుకుందాం."

ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. తలా కొంచెం లేకపోలేదు గానీ కొండను కదిలించేటంత ఎవరికుంటుంది? చెంగల్రాయలు తేలు కుట్టిన దొంగలా టోపీ సర్దుకున్నాడు.

నిజం చెప్పాలంటే అతను అబద్ధం ఆడలేదు. అదే వచ్చిన చిక్కు. ఏరు ఎండి, బోరులో ఉప్పునీళ్ళు పడి, కొబ్బరి చెట్లు మొవ్వులు రాల్చేసిన ఏడాది తోట అమ్మేశాడు. తాతలనాటినుంచి పదిమందికి పని చెప్పిన ఇల్లు. యాభై ఏడేళ్ళ వయసులో మనిషికి పని కావలసి వచ్చింది. చేరిన రోజు సాయంత్రం వీధి అరుగు మీద ఎవరో అడిగారు, "మాల్‌లో ఏం పనప్పా?" అని. అతను నోరు తెరిచేలోపే భార్య లక్ష్మీకాంతమ్మ అందుకుంది. "మేనేజరు పని. ఏసీ రూములో కూర్చునేది. ఈయన ఎండలో నిలబడతాడా ఏంది!" అన్నది నవ్వుతూ. చెంగల్రాయలు కాదనకుండా ఊరుకున్నాడు. చేసిందల్లా అంతే. ఆ ఊరుకున్నదాన్ని మరుసటి రోజు కక్కలేకపోయాడు, ఆ పైన మింగలేకపోయాడు.

అయినా అది భార్యాభర్తల మధ్య సంగతిగా ఉండిపోయినా బాగుండేది. లక్ష్మీకాంతమ్మ తమ్ముడు హేమనాథ్ కూతురు శృతి ఆంబూరులో ఒక బూట్ల కంపెనీలో లైన్ మీద పనిచేసేది, బీకాం చదివి. "మీ మామ మాల్‌లో మేనేజరు. నువ్వు తోలు ముక్కలు కుట్టేదేంది? బిల్లు కౌంటర్లో కూర్చోబెడతాడు" అని లక్ష్మీకాంతమ్మ మాటిచ్చేసింది. ఆ పిల్ల నమ్మి, ఉన్న పనికి రాజీనామా రాసిచ్చి వచ్చింది. వచ్చే ఆదివారం వ్యాను మాట్లాడుకుని అందరం మాల్ చూసి, అట్లే శృతి కాగితాలు ఇచ్చి వస్తామని శుక్రవారం భోజనాల దగ్గర లక్ష్మీకాంతమ్మ చెప్పింది. చెంగల్రాయలు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. నీళ్ళు తాగి, "సరే" అన్నాడు. మళ్ళీ ఊరుకున్నాడు. వెధవ నోరు తెరుచుకోవలసినప్పుడే తెరుచుకోదు.

ఆదివారం పదిన్నరకు పసుపు వ్యాను హైవే దిగడం అతను గేటు దగ్గరనుంచి చూశాడు. ముందు సీట్లో హేమనాథ్, కిటికీ పక్కన పట్టుచీరలో భార్య, వెనక ఒళ్ళో ఫైలు పెట్టుకున్న శృతి. చెంగల్రాయలి తల దానంతటది వాలిపోయింది. కళ్ళెత్తేలోపు ముఖం మీద ఎండ లేదు. ఏలగిరి వచ్చి గేటుకూ వ్యానుకూ మధ్య నిలబడి ఉంది, చెట్లతో, రాళ్ళతో, పైన ఊళ్ళలో వినబడే రేడియోతో సహా.

అతను ఊపిరి పీల్చుకున్నాడు. అప్పటికి తనంత అదృష్టవంతుడు లేడనుకున్నాడు కూడా. రెండు గుండ్ల మధ్య జానెడు సందులోంచి అవతల కనబడుతూనే ఉంది.

"అక్కా, కొండ అడ్డంగా వచ్చుండాది. ఇంగ ఈపొద్దు పోదు. ఇంకో వారం వస్తాం పా" అన్నాడు హేమనాథ్.

"నిన్ననే కంపెనీ నుంచి ఫోను చేసినారు నాయనా. నా సీటుకు బుధవారం వేరే పిల్లను వేసుకుంటారంట" అంది శృతి. "మామను ఒక్క మాట అడిగేసి పోతాం."

"ఫోను ఎత్తలేదే బావ!"

"మీటింగులో ఉంటాడురా" అంది లక్ష్మీకాంతమ్మ. "మేనేజరంటే ఊరికేనా? కొండ అడ్డమొస్తే ఏం, చుట్టు తిరిగి పోతే సరి. తిరువణ్ణామలైలో కొండ చుట్టూ తిరగలేదా మనం?" అని చెప్పులు విప్పి శృతి చేతికిచ్చింది. కొండ చుట్టూ తిరిగేటప్పుడు కాలికి చెప్పులుండకూడదని ఆమె నియమం. కొంగు బొడ్లో దోపుకుంది. మోకాలి నొప్పికి ఆకు కట్టిన కాలు ముందు వేసి, కంకర మీద, ఎండలో, కొండను కుడిచేతి పక్కకు పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఏలగిరి చుట్టూ ఎన్ని మైళ్ళో ఆమెకు తెలియదు. తెలిసినా ఆగే మనిషి కాదు.

చెంగల్రాయలు సందులోంచి చూస్తున్నాడు. పది అడుగులు వేసింది. ఆగి, మోకాలు పట్టుకుంది. "అత్తా, వద్దులే" అని శృతి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "నీ బతుకు నిలబెట్టేదానికి మాటిచ్చినా కదమ్మీ. మొన్న పిల్ల సంగతి చెప్తే ఆయన సరే అనే అన్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు."

ఆ మాట చెంగల్రాయలిని చెప్పుతో కొట్టినట్టు తగిలింది. తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. ఒళ్ళంతా సిగ్గుతో మండింది. ఆ సిగ్గుకు కొండ ఇంకా దగ్గరికి జరిగి, ఉన్న సందు కూడా మూసేయబోయింది. ఇట్లాగే నిలబడితే ఏలగిరి అతన్ని జీవితాంతం దాచగలదు. ఆమె జీవితాంతం తిరుగుతూ ఉంటుంది.

అతను విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

కొండ నిలిచింది. ఇన్నేళ్ళలో దానికెవరూ విజిల్ వేసి ఉండరు. చెంగల్రాయలు రెండు చేతులూ ఎత్తి, పెద్ద వ్యానుకు చూపించినట్టే చూపించాడు. "వెనక్కి... వెనక్కి... రైట్ కొట్టు. రానీ, రానీ, కరెంటు స్తంభం ఉండాది చూసుకో... ఇంకొంచెం వెనక్కి... చాలు!" ఏలగిరి పద్ధతిగా, ఒక్క కారుకు గీత పడకుండా, పక్కకు తప్పుకుంది. మైదానంలో నిలబడ్డ జనం ఫోటోలు తీసుకున్నారు. ఎండ భళ్ళున వచ్చి పడింది.

ఇరవై గజాల అవతల లక్ష్మీకాంతమ్మ. నీలం యూనిఫారంలో, టోపీతో, ఇంకా చెయ్యెత్తి నిలబడ్డ మొగుణ్ణి ఆమె పైనుంచి కిందికి చూసింది. కింద ఉన్న రబ్బరు బూట్లు చూసింది. శృతి ఫైలు వెనక్కి పెట్టుకుంది.

"శృతీ" అన్నాడు చెంగల్రాయలు. "నేను మేనేజర్ను కానమ్మా. గేటు కాడ పని నాది. నీకు ఉద్యోగం ఇప్పించేటంత..."

లక్ష్మీకాంతమ్మ ఏడవలేదు, అరవలేదు. తల దించుకుంది.

పక్కకు తప్పుకున్న ఏలగిరి మళ్ళీ కదిలింది. ఈసారి అతని వైపు రాలేదు. ఆమె వైపు పోయి, ఆమెను చాటు చేసుకుని నిలబడింది. విజిల్ అతని మెడలోనే ఉంది. ఒక్క ఊదు ఊదితే ఆగేది. ఏ ముఖంతో ఊదుతాడు? వ్యాను తిరిగి పోతుంటే కొండ కూడా వెంటే పోయింది. పేర్ణాంబట్టు దగ్గర మేకలవాళ్ళు మందను పక్కకు తోలి దారి ఇచ్చారట.

సాయంత్రం యూనిఫారం విప్పకుండానే బస్సెక్కాడు. వీధిలో కొండ ఇంటి గడపకు ఆనుకుని నిలబడి ఉంది, అరుగు మీద కూర్చునేవాళ్ళకు ఇల్లు కనబడకుండా. నాలుగు ఇళ్ళవాళ్ళు పెరటి దారిన తిరుగుతున్నారు. అతనూ పెరటి దారిన లోపలికి పోయాడు. లక్ష్మీకాంతమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"తప్పైపోయింది" అన్నాడు.

"గేటు కాడ నిలబడితే నాకేంలే" అంది ఆమె తల ఎత్తకుండా. "చెప్పింటే మజ్జిగ కట్టిచ్చి పంపిస్తా ఉంటిని. పదకొండు నెల్లు ఎండలో నిలబడినావు, నాకు తెలీకపాయె. దానికి కాదు నా బాధ." ఒక కాయ ఈనె తీసి పక్కన వేసింది. "ఏసీ రూమనీ, పెద్ద మేజా అనీ వీధంతా చెప్పింది నేను. నువ్వు ఒక్క మాటా చెప్పలేదు, అన్నీ నా నోట్లోనుంచే వచ్చినాయి. అబద్ధాలకోరు నువ్వు కాదు. నన్ను చేసినావు."

చెంగల్రాయలు టోపీ తీసి పక్కన పెట్టాడు. తన సిగ్గు పోయిందనుకున్నాడు గానీ అది పోలేదు, ఇంటికి ముందే వచ్చి కూర్చుంది. అతను ఆమె పక్కన కూర్చుని చేతికందిన కాయలు తుంచాడు. ఆమె వద్దనలేదు, ఇటు తిరగనూ లేదు.

సోమవారం అతనికి సెలవు. పొద్దున్నే పోయి హేమనాథ్ ఇంటి తలుపు కొట్టి, శృతిని వెంటబెట్టుకుని ఆంబూరు బస్సెక్కాడు. యూనిఫారంలోనే. బూట్ల కంపెనీలో కరెంటు పోయి, ఆవరణలో జనరేటరు దడదడలాడుతోంది. టీ విరామం. చెట్టు కింద, గోడ వెంట, రెండు వందలమంది ఆడవాళ్ళు స్టీలు గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. లైన్ సూపర్‌వైజరు సురేఖ శృతిని చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఏమ్మా, మీ మామ మాల్ మేనేజరు, అక్కడ సీటు రెడీగా ఉండాదని కాగితం మీద రాసిచ్చి పోతివే? ఇప్పుడు మళ్ళీ ఎందుకు వచ్చినావు? మమ్మల్ని తక్కువ చేసి పోయినోళ్ళని ఊరికే వేసుకుంటే మా పైవాళ్ళు నన్ను అడగరా?"

శృతి పెదవి కొరుక్కుంది. చెంగల్రాయలు ముందుకు వచ్చాడు. రెండు వందల జతల కళ్ళు టోపీ మీద, విజిల్ మీద పడ్డాయి. తల వాలిపోయింది. వాలిన తలతోనే ఒక్క క్షణం అలవాటుగా ఎదురుచూశాడు, ముఖం మీద నీడ పడుతుందని. నీడ పడలేదు. ఏలగిరి ఉండవలసిన దిక్కు ఖాళీగా ఉంది, ఎన్నడూ కనబడని దూరపు ఆకాశం అక్కడ కనబడుతోంది. కొండ గుడియాత్తంలో ఉంది, అతని ఇంటి గడపలో, ఆమె ముందు.

"ఈ పిల్ల తప్పేమీ లేదమ్మా" అన్నాడు. "నేను మేనేజర్ను కాను. వాచ్‌మన్ను. ఇంట్లోవాళ్ళు మేనేజరనుకుంటా ఉంటే ఊరుకున్నా. నన్ను నమ్మి వచ్చేసింది."

సురేఖ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "జనరేటరు మోతలో వినపడలా. గట్టిగా చెప్పండి."

చెంగల్రాయలు గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టాడు. "నేను మేనేజర్ను కాను!" అనేటప్పటికి కరెంటు వచ్చింది. ఎవరో జనరేటరు ఆపేశారు. ఆ ఆవరణంతటికీ అతని గొంతు ఒక్కటే మిగిలింది. గ్లాసులు పెదాల దగ్గర ఆగాయి. అతను ఆగలేదు. పదకొండు నెలలు ఊరుకున్న సంగతి, కొండ చాటున నిలబడి కట్టుకున్నదాన్ని ఎండలో నడిపించిన సంగతి, అబద్ధాలకోరు తనే గానీ ఆమె కాదన్న సంగతి, అన్నీ చెప్పాడు.

సురేఖ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. "శృతీ, పోయి నీ మిషను కాడ కూర్చో" అంది. ఆ పిల్ల పరుగెత్తినట్టే లోపలికి పోయింది.

చెంగల్రాయలు వచ్చిన దారినే గుడియాత్తం బయలుదేరాడు. పెరటి దారిన పోదలచుకోలేదు. కొండకు ఇవతల, అరుగుల మీద అందరూ కూర్చునే వేళకు వీధి నడుమ నిలబడి, ఈ మాటలే ఇంకొకసారి, ఇంతే గట్టిగా చెప్పాలి.