తిడితేగాని దిగని గొడ్డలి

పుస్తకాల బైండరు నోట్లో నాలుక లేని మనిషి. ఈ సంగతి వీధిలో నలుగురికీ చెప్పింది ఆయన భార్యే. చెప్పినా చెప్పకపోయినా వీధికి తెలుసు. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే, ఆ కాలు అక్కడ పెట్టినందుకు తనే క్షమించమని అడిగే రకం. యాభై అయిదేళ్ళు వచ్చినా ఎవరినీ పట్టుమని పది మాటలు గట్టిగా అని ఎరగడు. ఆ అవసరం రాలేదని ఆయన అనేవాడు. అయిదు నెలల క్రితం వరకూ అది నిజమే కావచ్చు.

అయిదు నెలల క్రితం బావమరిది వచ్చాడు.

భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. లేకలేక పుట్టినవాడు. పుట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళయినా ఇంట్లో అందరూ నిన్ననే పుట్టినట్టు చూసుకుంటారు. రెండు రోజులుంటానని చేతిసంచితో దిగి, ముందుగదిలో తిష్ఠ వేశాడు. బైండరు పని చేసుకునేది ఆ ముందుగదిలోనే. అట్టలు కోసే పెద్ద కత్తెర, పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు, కిటికీ వెలుతురు తిన్నగా పడే పొడవాటి బల్ల, అన్నీ అక్కడే. బావమరిది ఆ బల్ల మీద పరుపు వేసుకున్నాడు. నడుముకి గట్టి చెక్క మంచిదని ఎవరో చెప్పారట. ప్రెస్సు చక్రానికి తువ్వాలు ఆరేసుకున్నాడు. బంకపూసే కుంచెతో ఒకసారి గడ్డానికి నురగ కూడా పూసుకున్నాడు.

బైండరు బంకగిన్నె పట్టుకుని వంటింటి గడప దగ్గర చతికిలబడ్డాడు. బడివాళ్ళు బైండు చెయ్యమని నూట నలభై పుస్తకాలు పంపారు. అయిదు నెలల్లో ఆయన గడప మీద కూర్చుని తెమల్చగలిగింది పదకొండు. వాటిలో రెండు ఉల్లిపాయ వాసన కొడుతున్నాయి. నెలాఖరుకి మొత్తం అందకపోతే యంత్రం మీద బైండు చేసేవాళ్ళకి ఇచ్చేస్తామని బడినుంచి కబురొచ్చింది. నెలాఖరుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. బల్ల చేతికొస్తే రాత్రీ పగలూ కూర్చుని పూర్తిచెయ్యగలడు. రాకపోతే ముప్ఫై ఏళ్ళుగా తన చేతిలో ఉన్న బడి పని చేజారినట్టే.

చెప్పాల్సింది ఒక్క మాట. "నాయనా, ముందుగది ఖాళీ చెయ్యి." దీన్ని బైండరు అద్దం ముందు సాధన చేశాడు. తలుపు దాకా వెళ్ళి, దగ్గి, "టీ తాగావా?" అని అడిగి తిరిగొచ్చాడు. అలా ఎన్నిసార్లు వెళ్ళాడో, బావమరిది అన్ని టీలు తాగాడు.

ఇక వేణ్ణీళ్ళ గొడవ. ఏ ఉద్యోగం చెయ్యాలా అని బావమరిది అయిదు నెలలుగా ఆలోచిస్తున్నాడు. వేడినీళ్ళు ఒంటిమీద పడితేగాని అతనికి ఆలోచన సాగదు. అందుకని రోజుకి మూడు స్నానాలు. బాయిలరు కింద కట్టెలు ఎంత పెట్టినా చాలవు. రెండేళ్ళకని దాచిన కట్టెలు అయిపోయాయి. పెరట్లో గాలివానకి పడిపోయిన పెద్ద చెట్టు అలాగే ఉంది, దాన్ని కొట్టించాలి. ఎవరి స్నానాల కోసం ఎవరు కట్టెలు కొట్టించాలో బైండరు ఒక క్షణం ఆలోచించి, ఆలోచించినందుకు తనే సిగ్గుపడి, కట్టెల అడితికి వెళ్ళి మనిషిని మాట్లాడుకొచ్చాడు.

కట్టెలాయన మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పొట్టిగా, మొద్దుకి మీసాలు పెట్టినట్టున్నాడు. భుజాన గొడ్డలి, చేతిలో రంపం, సంచిలో ఇనుప చీలలు, సమ్మెట. మాట్లాడకుండా రెండు గంటల్లో చెట్టునంతా రంపంతో కోసి దుంగలు చేశాడు. బైండరు ముచ్చటపడి నీడలో కుర్చీ వేశాడు. టీ తెచ్చిచ్చాడు. మీ చెయ్యి చాలా మంచి చెయ్యి అన్నాడు.

కట్టెలాయన టీ తాగి, దుంగని నిలబెట్టి, గొడ్డలి ఎత్తాడు. వేశాడు. గొడ్డలి దుంగమీద టక్కుమని ఎగిరి పక్కన పడింది. మళ్ళీ వేశాడు. బెరడు లేచింది, అంతే. మూడోసారి గొడ్డలి ఎత్తి, ఎత్తినట్టే దించేశాడు.

"లాభం లేదయ్యా. మీరు నన్ను తిట్టాలి," అన్నాడు.

బైండరు సరిగా వినలేదనుకున్నాడు.

"కొయ్యడానికి ఓపిక చాలు. చీల్చడానికి కోపం కావాలి," కట్టెలాయన కుర్చీలో కూలబడి వివరించాడు. "మా నాన్న తాగి కట్టెలు కొట్టేవాడు. నాకు తాగుడు పడదు, కోపం మీదే బండి లాగుతున్నాను. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగాల్సిన పని రాలేదు. ఏ ఇంటికెళ్ళినా వాళ్ళే తిడతారు. లావుగా కొట్టావంటారు, సన్నగా కొట్టావంటారు, ఇంతసేపా అంటారు. ఆ మంట మీద సాయంత్రానికి బండెడు కొట్టేస్తాను. మీరేమో కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. పైగా మంచి చెయ్యన్నారు. ఇంక నాకు గొడ్డలి ఎలా దిగుతుంది చెప్పండి?"

"తప్పయిపోయింది," అన్నాడు బైండరు.

"చూశారా. మళ్ళీ అదే."

వాన మబ్బు పడుతోంది. తడిస్తే ఆ దుంగలు ఇంకో నెలకిగాని మండవు. బైండరు గుండె రాయి చేసుకుని, గొంతు సవరించుకుని అన్నాడు.

"మీరు... ఈ రోజు కొంచెం ఆలస్యంగా వచ్చారు. దూరం కదా, పర్లేదనుకోండి."

"ఆ చివరిది తీసెయ్యండి."

"కొంచెం ఆలస్యంగా వచ్చారు."

"'కొంచెం' కూడా తీసెయ్యండి."

"అది తీస్తే అబద్ధమవుతుంది కదండీ. మీరు చెప్పిన వేళకే వచ్చారు."

కట్టెలాయన ఆకాశంకేసి చూసి నిట్టూర్చాడు. బైండరు వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఏమోయ్, ఈయన్ని కాస్త తిట్టిపెడతావా అని భార్యని అడిగాడు.

"పరాయివాళ్ళని తిట్టే అలవాటు మా ఇంటావంటా లేదు. ముందు మీరు ఆ కిటికీకి అడ్డం తప్పుకోండి, పొయ్యి కనపడటంలేదు," అంది ఆవిడ. ఆ మాటల్లో కనీసం నాలుగు దుంగలకి సరిపడా వేడి ఉందని కట్టెలాయన దూరంనుంచే లెక్కగట్టాడు. కానీ అది ఆయన వాటా కాదు.

బైండరు తిరిగొచ్చి దుంగ ముందు నిలబడ్డాడు. "మీ మీసం బాగాలేదు," అన్నాడు. అన్నవెంటనే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కట్టెలాయనే భుజం తట్టి ఓదార్చాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడు ముందుగది కిటికీలోంచి ఒక గొంతు, నిద్రమబ్బుతో, తీరిగ్గా వినిపించింది.

"బావా, నీళ్ళు కాగాయా? నిన్న రెండో స్నానానికి మరీ గోరువెచ్చగా ఉన్నాయి. కాస్త చూసుకోవాలి కదా."

బైండరు నోరు తెరిచాడు. దగ్గు రాలేదు. టీ మాటా రాలేదు. కట్టెలాయన ముఖంలోకి చూస్తూ, లోపల అయిదు నెలలుగా నానుతున్నదంతా బయటపెట్టాడు.

"చూసుకోవాలా? రెండు రోజులని వచ్చి అయిదు నెలలయింది, నేను చూసుకోవాలా?"

"నేను పొద్దున్నే కదండీ వచ్చాను," అన్నాడు కట్టెలాయన. అని, చటుక్కున లేచి గొడ్డలి అందుకున్నాడు. "పర్లేదు, పర్లేదు. కానివ్వండి."

"నా బల్లమీద పరుపా? పుస్తకాలు పడుకునే బల్లమీద నువ్వు పడుకుంటావా?"

"నేను పడుకున్నానా?" అంటూ కట్టెలాయన వేశాడు. దుంగ రెండు చెక్కలై చెరోవైపు దొర్లింది.

"బంకకుంచెతో గడ్డానికి నురగ పూసుకుంటావా? ఆ కుంచెతో మళ్ళీ పుస్తకానికి బంక పూస్తే అట్టకి వెంట్రుకలొచ్చాయి. బడిపిల్లలు పాఠం చదువుకోవాలా, దువ్వుకోవాలా?"

"నాకు గడ్డమే లేదు కదయ్యా," అని కట్టెలాయన ఒంటికాలి మీద లేచి మరో రెండు చీల్చాడు. చెయ్యని తప్పుకి తిట్లు తింటే కోపం రెట్టింపవుతుందన్న సంగతి ఆయనకి ఆ రోజే తెలిసొచ్చింది. బైండరు ఆగలేదు. ప్రెస్సు మీద తువ్వాలు, పొద్దెక్కేదాకా మూసిన కిటికీ, ఉల్లిపాయ వాసన పుస్తకాలు, చెప్పకుండా తొడుక్కెళ్ళి తడిపిన తన చెప్పులు, అడగలేక అడిగి ఇచ్చిన టీలు, వరసపెట్టి ఒక్కొక్కటీ తీశాడు. తీసినకొద్దీ కట్టె పగిలింది. పేళ్ళు గోడ ఎత్తుకి లేచాయి. వంటింటి కిటికీలో భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చివరికి ఒక్కటే మిగిలింది. చెట్టు మొదలు. మెలికలు తిరిగిన ముడులతో రోలంత ఉంది. కట్టెలాయన చీల దిగేసి సమ్మెటతో నాలుగు మోదాడు. చీల ఇరుక్కుంది, మొద్దు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

"నా కోపం అయిపోయిందయ్యా," అన్నాడు రొప్పుతూ.

వెనక తలుపు చప్పుడైంది. బావమరిది తువ్వాలు చుట్టుకుని, చేతిలో సబ్బుపెట్టెతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో గాని సబ్బు ఉక్కకి మెత్తబడింది.

"ఇదంతా ఎవరిని, బావా?" అన్నాడు.

తప్పించుకోవడానికి దారి ఎదురుగానే ఉంది. కట్టెలాయన్నే అని ఒక్క మాటంటే చాలు. కట్టెలాయన కూడా నన్నే అనేలా తలూపుతున్నాడు పాపం. బైండరు ముందుగది కిటికీకేసి చూశాడు. బల్ల గుర్తొచ్చింది, దానిమీద పడే పొద్దుటి వెలుతురు గుర్తొచ్చింది.

"నిన్నే, నాయనా. ముందుగది ఖాళీ చెయ్యి," అన్నాడు.

బావమరిది ముఖం ఎర్రబడింది. పుట్టి ముప్ఫై ఎనిమిదేళ్ళలో అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. కోపమొస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా అతనికి తెలియదు. సబ్బుపెట్టె కిందపడేసి, కట్టెలాయన చేతిలోంచి గొడ్డలి లాక్కున్నాడు. బైండరు భార్య గరిటెతో సహా పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చుగా. రోజూ టీ తాగావా, టీ తాగావా అని అడిగితే నన్ను ఉండమంటున్నావనుకున్నాను," అంటూ బావమరిది మొద్దుమీద వేశాడు.

మొద్దు పెళ్ళుమంది. నడిమికి రెండుగా విచ్చుకుని, ఇరుక్కున్న చీల దానంతటదే బయటపడింది. తువ్వాలు జారబోతే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఇంకోటి వేశాడు. నాలుగు ముక్కలైంది. బావమరిది ఆ ముక్కలకేసి చూసి, తన చేతికేసి చూసుకుని, మళ్ళీ ముక్కలకేసి చూశాడు. అతని ముఖంలో అంత సంతోషం వాళ్ళక్క ఎన్నడూ చూడలేదు.

"ముప్ఫై ఎనిమిదేళ్ళ కోపం, ఒక్క చుక్క వాడకుండా దాచావయ్యా," అన్నాడు కట్టెలాయన కళ్ళు తుడుచుకుంటూ. "అడితిలో నా గది పక్కన ఇంకో గది ఖాళీగా ఉంది. నాతో కట్టెలు కొట్టడానికి వస్తావా?"

సాయంత్రానికి బావమరిది చేతిసంచితో వెళ్ళిపోయాడు. వాళ్ళక్క రెండు నిమిషాలు ఏడ్చి, మూడో నిమిషంలో బల్ల తుడిచి ఇచ్చింది.

పదిరోజులు బైండరు తల ఎత్తలేదు. కుట్టాడు, అంటించాడు, బిగించాడు. ఉల్లిపాయ వాసన పుస్తకాలని మాత్రం ఏమీ చెయ్యలేకపోయాడు. పదకొండో రోజు పొద్దున ఆఖరి పుస్తకానికి అట్ట అంటించి, బంక ఆరడానికి కిటికీ దగ్గర పెట్టి, మేను వాల్చబోతుంటే గేటు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు.

"బావా, నాలుగు రోజులుగా చెయ్యి లేవట్లేదు. అడితిలో అందరూ నా పనితనం చూసి మెచ్చుకుంటున్నారు. ఒక్క పేడు చీలట్లేదు. కాస్త తిట్టిపెట్టు," అన్నాడు బావమరిది. భుజాలు వెడల్పయ్యాయి. స్నానం చేసి రెండు రోజులైనట్టుంది.

"నాక్కూడా," అన్నాడు కట్టెలాయన వినయంగా.

బైండరు వాళ్ళకేసి ప్రేమగా చూశాడు. ఎంత వెతుక్కున్నా లోపల కోపమన్నది లేదు. బల్ల దొరికింది, పని పూర్తయింది, ఇంక దేనికి కోపం? "మీరిద్దరూ... బాగా నల్లబడ్డారు," అన్నాడు. భార్య టీ తెచ్చిచ్చింది.

బావమరిది దిగాలుగా టీ తాగాడు. "సరే, నీకు కోపం రాకపోతే నాకు పని లేదు. పని లేకపోతే తిరిగొచ్చెయ్యడమే. పరుపు బల్లమీదే వేసుకుంటాలే," అని, ఖాళీ గ్లాసు పెట్టడానికి చోటు వెతికి, కిటికీలోంచి చెయ్యి చాపి, తడి ఆరని ఆఖరి పుస్తకం అట్టమీద పెట్టాడు.

ఆ తర్వాత బైండరు అన్నది వీధి చివరిదాకా వినిపించిందట. బావమరిదీ కట్టెలాయనా సగం దాకా విని, చాలు చాలు, చల్లారకముందే వెళ్ళాలి అంటూ అడితి వైపు పరుగు తీశారు.

బైండరు ఆ అట్ట ఊడదీసి కొత్తది వేసి, నెలాఖరుకి ఒకరోజు ముందే నూట నలభై పుస్తకాలూ బడికి అందించాడు. గ్లాసు మచ్చ పడ్డ పాత అట్టని పారెయ్యలేదు. కిటికీ పక్కన మేకుకి తగిలించాడు. రోజూ పొద్దున గేటు చప్పుడు కాగానే ఆ గుండ్రటి మచ్చకేసి ఒకసారి తేరిపార చూసి, చేతులు కడుక్కుని, బావమరిదిని తిట్టడానికి బయటికెళతాడు.